ఇరవయ్యారు గంటల రోజు

మా కంపెనీలో ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు మోటారు ఫోల్డరును కాపీ చేయాలి. అది రూలు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, రాసిపెట్టిన రూళ్ళన్నీ తప్పినవాళ్ళం కూడా దీన్ని మాత్రం తప్పేవాళ్ళం కాదు.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. హోసూరులో పెద్ద ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల షెడ్డు. ఏడుగురం మనుషులం, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగిపోతే బెంగుళూరు నుంచి రావలసిన సామాను కూడా ఆగిపోయేది. ఆ రోజు అందరం టీ తాగేవాళ్ళం. నేను కృష్ణగిరిలో డిప్లొమా చదివి, తొంభైల చివర్లో అక్కడ చేరాను. మా ఊరు అత్తిముగం పక్క. ఇంట్లో నన్ను ఇంజినీరు అనేవాళ్ళు. షెడ్డులో “ఏమప్పా, సెట్టింగూ” అని పిలిచేవాళ్ళు.

ఆ పేరెందుకో చెప్పాలి. మేము చేసేది నలభై కాళ్ళ నల్ల చిప్పుతో నడిచే పెట్టెలు. కంప్యూటరులో మనం రాసిన ప్రోగ్రాము ఆ చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మారాలి. ఆ మార్చడాన్ని బిల్డు అంటాం. బిల్డు ఎలా జరగాలో చెప్పడానికి ఒక సెట్టింగుల పేజీ ఉంటుంది. ఏ చిప్పు, ఎంత మెమరీ, ప్రోగ్రామును ఎంత కుదించాలి, తయారైన ఫైలుకు ఏం పేరు పెట్టాలి, ఇవన్నీ ఆ పేజీలో గళ్ళు. చివరి గడిలో క్రిస్టల్ వేగం రాయాలి. క్రిస్టల్ అంటే చిప్పు పక్కన కూర్చునే చిన్న తగరపు డబ్బీ. అది సెకనుకు ఇన్ని లక్షల సార్లు కొట్టుకుంటుంది, చిప్పు ఆ దెబ్బలు లెక్కబెట్టి కాలం ఎంతయిందో తెలుసుకుంటుంది. గడిలో మనం రాసిన వేగమూ, బోర్డు మీద ఉన్న డబ్బీ వేగమూ ఒకటే కావాలి. కాకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఓనరు వర్తకుల ఇంటి మనిషి. వాళ్ళ తాతలు హోసూరు బజారులో బెల్లం, పప్పులు అమ్మినవాళ్ళు. ఆయన ఎలక్ట్రానిక్స్‌లోకి ఎందుకు వచ్చాడో ఆయనకే సరిగా తెలియదు. వచ్చినప్పుడు చేసిన మొదటి సరుకు బోరు మోటారుకు పెట్టే టైమరు. అది బాగా పోయింది, ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. దాంతో ఆ ఫోల్డరు అచ్చొచ్చిందని ఆయనకు గట్టి నమ్మకం కలిగింది. దాని సెట్టింగుల పేజీని కాగితం మీద అచ్చు తీసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, కంప్యూటరు పక్క గోడకు అంటించాడు. శుక్రవారం లక్ష్మీదేవి పటానికి కర్పూరం చూపించినప్పుడు ఆ చేత్తోనే దానికీ చూపించేవాడు. ప్రోగ్రాము ఎంతైనా మార్చుకోవచ్చు, పేజీని మాత్రం ముట్టకూడదు. అందుకే మా దగ్గర తయారైన ప్రతి పెట్టెకూ ఫైలు పేరు మోటారే. పాలు కొలిచే మిషనుకూ మోటారే, గుడి గంట కొట్టే మిషనుకూ మోటారే.

చదువుకున్న కొవ్వుతో మొదటి ఏడాది నేనొకసారి ఆ పేజీలో చేయి పెట్టాను. ప్రోగ్రామును కుదించే గడిని పైదాకా పెంచాను. మా ప్రోగ్రాములో “కాసేపు ఊరికే ఉండు” అని చిప్పుకు చెప్పే చోట్లు చాలా ఉన్నాయి. ఊరికే ఉండడం కూడా ఒక పనేనా అనుకుని, బిల్డు చేసే కంపైలరు వాటన్నింటినీ ఎత్తిపారేసింది. బోర్డు మీద అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏది నొక్కినా ఎనిమిదే కనిపించింది. ఓనరు వచ్చి చూశాడు. “చూస్తివా?” అన్నాడు. షెడ్డులో వాళ్ళు నాకు పేరు పెట్టింది ఆ రోజే. అప్పటి నుంచి నేనూ పేజీ జోలికి పోలేదు. భక్తితో కాదు, సిగ్గుతో.

రెండువేలు దాటిన కొత్తలో మత్తూరు నుంచి ఒకామె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో గుడ్డసంచి. లోపలికి వచ్చి కూర్చోమంటే కూర్చోలేదు.

“నాటుకోడి గుడ్లు పొదిగే పెట్టె కావాలప్పా. పోయినతూరి వడ్లాయన చెక్కతో చేసిచ్చినాడు, బల్బులు పెట్టి. సగం గుడ్లు ఉడికిపోయినాయి.”

“ఎన్ని గుడ్లు పట్టాలమ్మా?”

“మున్నూరు. నావి కాదు. నలభై ఇండ్లవి.”

ఆమె పద్ధతి ఇది. మత్తూరు పక్క వాళ్ళ ఊళ్ళో ఇంటింటికీ పోయి నాటుకోడి గుడ్లు అడిగి తెస్తుంది. రెండు గుడ్లు ఇచ్చిన ఇంటికి ఒక పిల్లను ఇస్తుంది. మిగిలినవి ఆమెవి. ఏ ఇంటి గుడ్డు ఏదో తెలియడానికి ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఆ ఇంటివాళ్ళ గుర్తు ఉంటుంది. ఒకరిది సున్నా, ఒకరిది ఇంటూ, ఒకరిది మూడు చుక్కలు. కాగితాలేవీ లేవు, అంతా ఆమె నోటిమాట మీదే. పోయినసారి గుడ్లు ఉడికిపోతే తన సొంత పెట్టల్ని పట్టి ఇచ్చి మాట నిలబెట్టుకుంది. ఈసారి ఇవ్వడానికి పెట్టలు లేవు.

“ఇరవై ఒకటో దినం వచ్చి మీ పిల్లల్ని తీసకపోండి అని నేను చెప్తే, ఆ దినానికి పిల్లలు ఉండల్ల. ఈతూరి మాట పోతే ఆ ఊర్లో ఇంగ నాకు ఎవరూ గుడ్డు ఇయ్యరు. మా ఇంటాయన అయితే ఎప్పుడు పోతాదా అని కాచుకోనుండాడు.”

“ఆయనకేమమ్మా?”

“ఆడది లెక్క పెట్టేదేంది అంటాడు.”

నాకు రోషం వచ్చింది. ఆమె తరఫున వచ్చిందని అప్పుడు అనుకున్నాను. “పెట్టే లెక్కపెడతాదమ్మా. మీరు వేళ్ళు మడిచే పని లేదు. గంటకొకసారి గుడ్లను అదే తిప్పతాది, ఎన్నో దినమో అద్దంలో చూపిస్తాది, పద్దెనిమిది కాంగానే తిప్పడం అదే నిలిపేస్తాది. కరెంటు పోయినా లెక్క పోదు, బ్యాటరీ ఉంటాది,” అన్నాను. ఆమె సంచి మార్చి పట్టుకుని, “సరే, నువ్వు చదివినోడివి,” అంది.

ఆమె అంత తేలికగా నమ్మి ఉండకూడదు.

మోటారు ఫోల్డరు కాపీ చేసి, కోళ్ళ ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను. బోర్డులు బెంచీ మీద వేరేవాళ్ళు అతికేవాళ్ళు. ఓనరు పోతూ పోతూ, “క్రిస్టల్ మన స్టాకులో ఉండేదే వేసినారప్పా,” అన్నాడు. ఏ స్టాకు అని నేను అడగలేదు. ఎప్పుడూ వేసేది పన్నెండుదే, అంటే సెకనుకు నూట ఇరవై లక్షల దెబ్బలది. కానీ ఆ మధ్య టెలిఫోన్ బూతుల మీటర్లకు అని ఇంకో రకం డబ్బీలు ఒక పెట్టెడు తెప్పించి, ఆ ఆర్డరు రాకపోతే మూలన పెట్టారు. వాటి వేగం పదకొండు చిల్లర. రెండూ చూడడానికి అక్కచెల్లెళ్ళలా ఒకేలా ఉంటాయి. అంకె పైన చెక్కి ఉంటుంది, చదవాలంటే కళ్ళద్దాలూ కావాలి, చదవాలన్న బుద్ధీ కావాలి.

కంప్యూటరులోనే చిప్పు నడిచినట్టు నడిపించి చూసే సౌకర్యం ఒకటి ఉంది. అందులో నడిపి చూశాను. పిల్లలు సరిగ్గా ఇరవై ఒకటో రోజు పుట్టాయి. అదీ ఆ పేజీలోని గడినే చదువుతుంది కాబట్టి పుట్టక చస్తాయా! తరువాత నిజం బోర్డు. ఇరవై ఒక్క రోజులు కూర్చుని చూడలేం కదా, అందుకని ఒక రోజును ఒక నిమిషానికి కుదించి, చేతి గడియారం దగ్గర పెట్టుకుని చూశాను.

నిమిషం అరవై ఐదు సెకన్లు వచ్చింది.

మళ్ళీ చూశాను. అరవై ఐదే. ఇంకోసారి. అరవై ఐదు. ఓనరుకు చెప్పాను. ఆయన గోడ మీది కాగితాన్ని ఒకసారి చూసి, “నీ వాచీ జోరుగా పోతా ఉందేమో చూడప్పా,” అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. అనిపించిందని కాదు, అలా అనిపిస్తే పని తేలిక. పేజీ తెరిస్తే మళ్ళీ “చూస్తివా” వినాలి. సాయంత్రం హోసూరు బస్టాండు దగ్గర వాచీల కొట్టుకు పోయి కొత్త బ్యాటరీ వేయించుకున్నాను. సెట్టింగుల పేజీలో తప్పు ఉంటే చేతి వాచీకి బ్యాటరీ మార్చిన ఇంజినీరును నేనొక్కడినే అయి ఉంటాను. బ్యాటరీ మార్చాక మళ్ళీ చూడలేదు. చూస్తే మళ్ళీ అరవై ఐదు వచ్చేదని లోపల ఎక్కడో తెలుసు.

ఒక శుక్రవారం పొద్దున పెట్టెను ఆమె ఇంటి వసారాలో పెట్టాం. రాహుకాలం పదిన్నరకు వస్తుంది కాబట్టి ఎనిమిదిన్నరకే గుడ్లు పెట్టేయాలని ఓనరు పదిసార్లు చెప్పి పంపాడు. నలభై ఇళ్ళలో సగం మంది ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆమె ఒక్కొక్క గుడ్డూ వెలుతురుకు పట్టి చూసి, గుర్తు పైకి వచ్చేలా అరలో పెట్టింది. ఆమె భర్త వసారా చివర స్టూలు మీద కూర్చుని బీడీ తాగుతూ చూస్తున్నాడు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. అంతమంది ఒకేసారి నా మాట వినడం అదే మొదటిసారి. “ఈ అద్దంలో ఏ నంబరు వస్తే అదే లెక్క. అది పద్దెనిమిది అనంగానే గుడ్లను కింద అరలోకి దించాల. ఇరవై ఒకటి అంటే పిల్లలు. మన లెక్క తప్పొచ్చు గానీ దీనికి మరుపు అనేదే ఉండదు,” అని ఉపన్యాసం ఇచ్చాను.

“అట్లయితే ఇంగ మన ఇంట్లో లెక్క తెలిసింది ఇదొక్కటే,” అన్నాడు భర్త. ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు, చివరి గుడ్డు పెట్టి తలుపు మూసింది.

పద్దెనిమిది రోజుల తరువాత, మంగళవారం, మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటుంటే ఫోను వచ్చింది. మత్తూరు బూతు నుంచి ఆమె.

“ఏమప్పా, శుక్రారం పెడితిమి గదా. ఈపొద్దు మంగళారం. పద్దెనిమిది దినాలు నిండినాయి. నీ పెట్టె పదహారు అంటాది.”

“కరెంటు ఏమన్నా పోయిందామ్మా?”

“పోకుండా ఎట్ల ఉంటాది? బ్యాటరీ ఉండాది, లెక్క పోదు అని నువ్వే చెప్తివి గదా.”

నిజమే, నేనే చెప్పాను.

“ఇంగొకటి. ఆ నంబరు దినామూ ఒకే పొద్దులో మారదప్పా. మొదట పొద్దున మారె. అప్పుడు మజ్జాన్నం. అప్పుడు సాయంత్రం. పెట్టె సంగతి అట్లనేమో అని ఊరకుంటి. ఇప్పుడు గుడ్లు దించల్లా, వద్దా? తిరిగే అరలో పిల్ల గుడ్డు కొట్టుకోని బయటికొస్తే నలిగి చస్తాది.”

అంతకంటే విడమరిచి ఏ ఇంజినీరూ ఏ తప్పునూ చెప్పలేడు. రోజు రోజుకూ నంబరు మారే వేళ రెండు గంటలు ఆలస్యమవుతోందని ఆమె చెప్తోంది. నా చెవులు వింటున్నాయి, బుర్ర మాత్రం వసారాలో ఇచ్చిన ఉపన్యాసాన్ని కాపాడుకునే పనిలో ఉంది.

“పెట్టె లెక్క తప్పదమ్మా. మీరే ఎక్కడో రెండు దినాలు ఎక్కువ లెక్కేసినట్టుండారు. దించొద్దండి. అది పద్దెనిమిది అనేదాకా ఉండండి,” అన్నాను.

“నేనే తప్పినానంటావా?” అంది.

“అంతే అయ్యుంటాదమ్మా.”

“సరే అట్లయితే,” అని పెట్టేసింది.

ఆ “సరే” నాకు అసలు నచ్చలేదు. ఆమె గొడవ పడి ఉంటే, నాలుగు తిట్టి ఉంటే నిశ్చింతగా ఉండేవాణ్ణి. బెంచీ దగ్గరికి పోయి, అదే రకం బోర్డు ఇంకొకటి మిగిలి ఉంటే తీసుకుని, క్రిస్టల్‌ను వెలుతురుకు పట్టి చూశాను. పదకొండు చిల్లర. పోయి కంప్యూటరులో పేజీ తెరిచాను. చివరి గడిలో పన్నెండు. కాగితం మీద గుణకారం, భాగహారం వేశాను. మా పెట్టెకు రోజంటే ఇరవయ్యారు గంటలు. పద్దెనిమిది నిజం రోజులకు దాని లెక్క పదహారున్నర. ఆమె చెప్పిన పదహారు అక్షరాలా సరి.

గుడ్లు ఇంకా చెడలేదు, దించడానికి ఆ సాయంత్రం దాకా వ్యవధి ఉంది. ఆ బూతుకు ఫోను చేస్తే ఆమె ఎప్పుడో వెళ్ళిపోయిందని చెప్పారు, ఇంట్లో ఫోను లేదు. నేనే పోవాలి. పోయేలోపు గడి మార్చి, పద్దెనిమిది నుంచి లెక్క మొదలయ్యేలా కొత్త చిప్పు చేసుకోవాలి. మౌసు మీద చేయి పెట్టానో లేదో, ఓనరు వెనకాల వచ్చి నిలబడ్డాడు.

“ఏమప్పా అది?”

“పేజీ మారుస్తా ఉండా సార్.”

ఆయన గోడ గడియారం చూశాడు. “టైమెంతైందో చూసినావా? మూడు. మంగళారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. నాలుగున్నరకి మార్చుకో. నేను వద్దనలేదే.”

ఆయన నిజంగానే వద్దనలేదు. అదే ఆయన దృష్టిలో పెద్ద సడలింపు. ఇంకో రోజైతే నాలుగున్నర దాకా టీ తాగేవాణ్ణి. ఆ రోజు నోరు ఆగలేదు.

“సార్, మీ రాహుకాలం కూడా ఈ పెట్టె లెక్కలో పెడితే నాలుగు గంటలు దాటినాకనే మొదలవుతాది. నలభై ఇండ్ల గుడ్లు ఉండాయాడ. తిట్టుకుంటే తిట్టుకోండి,” అని పన్నెండు చెరిపి పదకొండు చిల్లర కొట్టాను. బిల్డు నొక్కాను. తప్పులు సున్నా, హెచ్చరికలు సున్నా అని వచ్చింది. పన్నెండు ఉన్నప్పుడు కూడా అదే వచ్చేది. కంపైలరుకు నిజం అబద్ధం తెలియదు, వ్యాకరణం తెలుసు అంతే.

ఓనరు లక్ష్మీదేవి పటం ముందు చెంపలేసుకున్నాడు. తరువాత ఏమనుకున్నాడో, జేబులోంచి బస్సు ఛార్జీ తీసి నా చేతిలో పెట్టాడు. “బిరీన పో,” అన్నాడు.

హోసూరు నుంచి కృష్ణగిరి, కృష్ణగిరిలో బస్సు మారి మత్తూరు. కొత్త అంకెలు ఎక్కించిన చిప్పును నల్ల స్పాంజిలో గుచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నాను. దారి పొడుగునా ఒక మంచి సాకు వెతుక్కున్నాను. మా పక్క ఎలక్ట్రానిక్స్ మనిషికి సాకులకు కరువు లేదు. వోల్టేజీ అనొచ్చు. పిడుగు పడి ఉంటుందనొచ్చు. బల్లి దూరి ఉంటుందనొచ్చు, నిజంగానే దూరుతాయి. కృష్ణగిరి దాటేసరికి వోల్టేజీ దగ్గర స్థిరపడ్డాను.

పొద్దు గూట్లో పడే వేళకు ఆ ఇంటికి చేరాను. ఆమె వసారాలో పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉంది. తలుపు తెరవలేదు, అద్దంలో నంబరునే చూస్తోంది. పద్దెనిమిది చూపించాలి, ఇంకా పదహారే ఉంది. నన్ను చూసి లేచింది. ముఖం వాడిపోయి ఉంది.

“వస్తివా. నువ్వు చెప్పినట్లే దించలేదప్పా. ఊరందరికీ చెప్పొస్తి.”

“ఏం చెప్తిరమ్మా?”

“శుక్రారం కాదు, ఆదివారం వస్తాయి పిల్లలు అని. నలభై ఇండ్లకీ పోతి. నేనే లెక్క తప్పినాను, దినాలు ఎక్కువ వేసుకున్నాను, ఏమనుకోవద్దండి అని చెప్పొస్తి. శుక్రారం అందరూ గంపలెత్తుకోని వచ్చి నిలబడితే ఏం చేసేది?” మళ్ళీ అద్దం వైపు తిరిగింది. “మూడు చుక్కలామె, వయసైంది గదా, మతిమరుపు వస్తాది, అనె. నగుతా అనె.”

జేబులో పెట్టుకున్న వోల్టేజీ నోటి దాకా వచ్చింది. ఇంకొక క్షణం ఉంటే బయటపడేది. ఆమె కళ్ళు చూశాక రాలేదు. ఆమె ఏడ్చి ఉంది, చాలాసేపటి కిందటే ఏడ్చి ముఖం కడుక్కుని ఉంది.

“అమ్మా, మీ లెక్క తప్పలేదు. ఈపొద్దు పద్దెనిమిదే. పెట్టె తప్పు. పెట్టెది కూడా కాదు, నాది. ఒక గడిలో నంబరు మార్చల్ల, మార్చలేదు. తప్పు ఉందని నాకు ముందే అనుమానం వచ్చింది, చూడకుండా వదిలేసినాను.”

ఆమె నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. “ముందు గుడ్లు,” అంది.

తిరిగే అరల్లోంచి గుడ్లను కింది అరలోకి దించాం. మూడువందల గుడ్లు, ఒక్కొక్కటీ రెండు చేతులతో. నాకు చేతకాదని గిన్నె పట్టుకోమంది. దించిన గుడ్లలో ఏదీ చిట్లలేదు. నీళ్ళ గిన్నె పెట్టింది. నేను చిప్పు మార్చాను, అద్దంలో పద్దెనిమిది వచ్చింది. చదివేవాళ్ళు గుడ్ల సంగతి ఏమైందో అని కంగారు పడకుండా ఇప్పుడే చెప్పేస్తాను. శుక్రవారం పొద్దున్నే పెంకులు పగలడం మొదలైంది. సాయంత్రానికి వసారా నిండా పిల్లలు. నలభై ఇళ్ళలో ఏ ఇంటికీ తక్కువ కాలేదు. కాబట్టి నేను చేసిన నష్టం గుడ్లకు కాదు. నా నోటితో నేను చేసింది వేరే.

పెట్టె తలుపు మూసి నేను సంచి సర్దుకుంటుంటే ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది.

“పోతా ఉండావా?”

“కడా బస్సు ఏడున్నరకి ఉందమ్మా, దాని తరవాత లేదు.”

“బస్సు ఉంటాది. నాతో చెప్తివి గదా ఇప్పుడు, ఆ మాట. నాకు ఏంటికి? నా లెక్క నాకు తెలుసు. నడువు, వాళ్ళకి చెప్దువు.”

కోపంగా అనలేదు. పెరట్లో ఆవును కట్టేసి రమ్మన్నట్టు అంది. ముందు ఆమె నడిచింది, వెనక నేను.

మొదటి ఇల్లు మూడు చుక్కలామెది. వాకిట్లో నిలబడి, “ఆయమ్మ లెక్క సరిగ్గానే ఉండాది. పెట్టెలో నేను తప్పు నంబరు పెట్టినాను. పిల్లలు శుక్రారమే,” అన్నాను. మూడు చుక్కలామె నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. రెండో ఇంట్లో కూడా అదే మాట చెప్పాను, అక్కడ కాఫీ ఇచ్చారు. మూడో ఇంట్లో ఒక పెద్దాయన, “కరెంటు వల్ల అయ్యుంటాది లేప్పా, ఈడ కరెంటు అట్లనే,” అని నా కోసం సాకు ఆయనే వెతికిపెట్టాడు. ఎంత మంచి మనిషి! పుచ్చుకోవాలనిపించింది. ఆమె నా వైపు తిరగలేదు, దూలం వైపు చూస్తూ నిలబడింది. “కరెంటు కాదయ్యా, నేనే,” అన్నాను.

పదో ఇంటికి వచ్చేసరికి నా మాట కుదురుకుంది. పదిహేనో ఇంటికి క్రిస్టల్ గురించి కూడా చెప్పబోయాను, ఆమె “అది వద్దు,” అంది. తాగిన మజ్జిగ, కాఫీ, బెల్లం నీళ్ళు కడుపులో కలిసిపోయాయి. కొన్ని ఇళ్ళలో నవ్వారు, ఈసారి నన్ను చూసి. ఒక ఇంట్లో, “ఇంతేనా, దీనికి ఇంత దూరం వస్తివా?” అన్నారు. ప్రతి ఇంటి దగ్గరా ఆమె గడప బయట చెంగు నడుముకు బిగించుకుని నిలబడి వినేది, నేను ముగించగానే పక్కింటి వైపు నడిచేది. వచ్చేటప్పుడు వంగి ఉన్న వీపు మెల్లగా నిటారు కావడం వెనక నడుస్తున్న నాకే కనిపించింది. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గులోనే ఎందుకో ఊరటగా కూడా ఉంది.

నలభై ఇళ్ళూ అయ్యాయి అనుకున్నాను. “ఇంగొకటి ఉండాది,” అని తన ఇంటికే తీసుకుపోయింది. భర్త వసారాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం ఆమె నలభై ఇళ్ళూ తిరిగి వచ్చినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే అని దారిలో ఎవరో చెప్పారు.

ఆయన ముందు నిలబడి చెప్పాను. “ఆయమ్మ లెక్క సరిగ్గానే ఉండాది. తప్పు నేను చేసినాను. పిల్లలు శుక్రారమే.”

ఆయన నా వైపు చూశాడు. బీడీ కోసం చెవి మీద తడుముకున్నాడు, దొరకలేదు. తల తిప్పుకుని గొడ్ల వైపు చూడసాగాడు.

ఆమె తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. అక్కడి నుంచే అంది.

“ఇంగొకతూరి చెప్పప్పా. ఆయనకి సరిగా వినపడదు.”

ఆయన చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. నేను దగ్గరికి జరిగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.